కాకి ముట్టిన కాఫీ

మద్దిలపాలెం,
విశాఖపట్నం,
3-2-1985.

చిరంజీవి సౌభాగ్యవతి కాశమ్మకు నాన్న దీవించి రాస్తున్నది.

ఇక్కడ నేను క్షేమం. క్షేమమంటే దగ్గు ఉంది, చూపు తగ్గింది, మనిషిని ఉన్నాను. అక్కడ నువ్వూ, అల్లుడుగారూ, పాపా కులాసాగా ఉన్నారని నీ ఉత్తరం వల్ల తెలిసింది.

ఎనిమిదేళ్ల కిందట జాలరిపేట ఇసకలో, మీ అమ్మ విస్తరి ముందు నిలబడి మీ మావయ్య ఒక మాట ఇచ్చాడు. మూడేళ్లకి ఆ మాట తప్పాడు. ఇది నీకు కొత్త సంగతి కాదు. నీ పెళ్లికి ముందూ తర్వాతా నా నోట ఎన్నిసార్లు విన్నావో నీకే గుర్తుండదు. మళ్లీ అక్కడే మొదలుపెడుతున్నాను. ఎందుకంటే నీ ఉత్తరంలో అడిగిన మూడు ప్రశ్నలూ తిరిగి తిరిగి ఆ ఇసకలోకే వెళ్తున్నాయి.

అమ్మ కాఫీ ఎలా చేసేదని మొదటిది. ఆ రోజు పాలు విరిగినందుకేనా అమ్మ ముట్టలేదని రెండోది. ఆసుపత్రిలో ఉన్న మావయ్యని చూడడానికి రావాలా వద్దా అని మూడోది. "నువ్వు వద్దంటే రాను నాన్నా" అని కింద రాశావు. ఆ ఒక్క వాక్యం వల్ల ఈ జవాబు రాయడానికి పదకొండు రోజులు పట్టింది.

ముందు చిన్న సంగతులు. కంటికి ఆపరేషన్ చేయించుకోమన్నావు. చేయించుకోను. చదవాలనుకున్నవి చాలావరకు చదివేశాను, ఇప్పుడు వస్తున్నవి చదవకపోయినా నష్టం లేదు. పక్క వాటా దొరబాబు పంచాంగం తప్ప ఇంకో అచ్చుకాగితం ముట్టని మనిషి, వాడికి మాత్రం చూపు బ్రహ్మాండంగా ఉంది. పత్రికకి నేను రాసిన ఆరు ఉత్తరాల్లో ఒక్కటీ వెయ్యలేదు. ఆ సంపాదకుడికి తెలుగు రాదని ఏడోది రాశాను, అదీ వెయ్యలేదు. కోరాపుట్ చలికి పాపకి దగ్గు పట్టుకుందన్నావు. నీ చిన్నప్పుడు మీ అమ్మ శొంఠి అరగదీసి తేనెతో నాకించేది. అది చెయ్యి. సీసా మందులు తర్వాత.

ఇక కాఫీ. మీ అమ్మ నారాయణమ్మకి ఆ కాఫీ ఎవరూ నేర్పలేదు. నాకు పోర్టులో టాలీ క్లర్కు పని. ఓడలోంచి దిగే బస్తాలు లెక్క రాసుకుంటూ తెల్లవారుజామున తేమలో నిలబడేవాణ్ణి. మీ అన్న కన్నబాబు పుట్టిన ఏడు దగ్గు పట్టుకుని వదల్లేదు. శొంఠికషాయం ఇస్తే నేను తాగనని, దాన్ని కాఫీలో దాచింది. నాకు తెలిసినా తెలియనట్టే తాగేవాణ్ణి. తర్వాత అదే ఆ ఇంటి కాఫీ అయిపోయింది.

శృంగవరపుకోట సంతకి కొండవాళ్లు పచ్చిగింజలు తెచ్చేవారు. నీకు అరకు స్టేషన్లో పాసింజరు ఆగినప్పుడు దొరకొచ్చు. డబ్బాలో అమ్మే పొడి వద్దు, అందులో సగం చికోరీ. గింజల్ని మట్టి మూకుట్లో సన్నసెగ మీద వేయించాలి. చెయ్యి ఆపకూడదు. మొదటిసారి చిటపటమన్నప్పుడు దింపెయ్యాలి. "గింజ ఒకపాలి నవ్వాల. రెండోపాలి నవ్విందంటే బొగ్గే" అనేది మీ అమ్మ. అదే మూకుడు వేడి మీద చెంచాడు ధనియాలు, ఆరు మిరియాలు, వేలెడు శొంఠికొమ్ములో సగం, ఒక యాలక్కాయ తొక్కతోనే వేసి అటూ ఇటూ తిప్పి తీసెయ్యాలి. అన్నీ కలిపి రోట్లో దంచాలి. మరీ మెత్తగా కాదు, వేలికి తగలాలి. వారానికి సరిపడా దంచుకో, అంతకుమించి ఉంచితే వాసన చచ్చిపోతుంది.

ఇత్తడి గిన్నెలో నీళ్లు మరిగాక పొడి వేసి, ఒక్క పొంగు రానిచ్చి, దింపి మూత పెట్టాలి. అన్నం వార్చినంతసేపు దాని జోలికి పోకూడదు. అప్పుడు పలచటి గుడ్డలో వడకట్టాలి. పాలు వేరే కాచుకోవాలి. తాటిబెల్లం చితక్కొట్టి గ్లాసులో వెయ్యాలి. గ్లాసులో వెయ్యాలి, పొయ్యి మీద కాదు. దాని మీద డికాషను పొయ్యాలి, బెల్లం కరిగాక పాలు. మరిగే పాలల్లో తాటిబెల్లం పడితే విరిగిపోతాయి.

నీ రెండో ప్రశ్నకి ఇక్కడే సగం జవాబు ఉంది. ఆ రోజు ఏడుస్తూ పొయ్యి దగ్గర కూచుని మరిగే పాలల్లోనే బెల్లం వేశావు. విరిగినవి పారబొయ్యడానికి భయపడి, అలాగే గ్లాసులో పోసి విస్తరి పక్కన పెట్టావు. నీకప్పుడు పదహారేళ్లు. ఎనిమిదేళ్లు ఈ సంగతి ఎవరికీ చెప్పకుండా, అమ్మ నీ చేతి కాఫీ కాదందని మోసుకు తిరిగావు. ఇది చదివి నేను కాసేపు కళ్లజోడు తీసి పక్కన పెట్టాను. ఇంత దూరం ఒక్కర్తివీ మోశావని తెలిస్తే నేను ఎప్పుడో చెప్పి ఉండేవాణ్ణేమో. ఏమో అని ఎందుకు రాశానంటే, చెప్పి ఉండేవాణ్ణని ఖాయంగా రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఆ రోజు నువ్వు ఆడవాళ్ల మధ్య తల దించుకుని కూచున్నావు. జరిగింది నీకు పూర్తిగా తెలియదు.

పెద్దదినం నాడు విస్తరి ఎక్కడ పెట్టాలన్న మాట వచ్చినప్పుడు, సముద్రపు ఒడ్డున పెడదామన్నది నేనే. అదే మొదటి పొరపాటు. ఆ వేళ జాలరిపేటలో నెత్తళ్ల రాశులు పడ్డాయి. ఒడ్డంతా వలలు పరిచి, ఇసక కనబడకుండా ఆ చిన్న చేపల్ని ఎండబోశారు. ఊళ్లో ఉన్న కాకులన్నీ అక్కడే ఉన్నాయి. మన విస్తరికి యాభై అడుగుల దూరంలో, మెడలదాకా మెక్కి, ఎగరడానికి కూడా ఓపిక లేక నడుస్తున్నాయి. కన్నబాబు తడిబట్టలతో నిలబడి కావు కావుమని గంటసేపు పిలిచాడు. ఒక్కటీ తల తిప్పలేదు.

చేపలు తిరగేస్తున్న గంగాలమ్మ మనల్ని చూసి నవ్వింది. "ఏటి బావూ, ఈయేల కాకులకి మా కాడ పెల్లి బోజనం. మీ ఇస్తరికాడికి ఏటొత్తాయి? రేపు ఎట్టుకోండి" అంది. ఆ ఇసకలో ఆ పూట బుద్ధిగా మాట్లాడిన మనిషి ఆవిడ ఒక్కర్తే. మనవాళ్లు ఆవిణ్ణి కసిరారు.

కాకి ముట్టలేదంటే పోయినవాళ్లకి తీరని కోరిక ఉన్నట్టు. అది ఫలానా అని కనిపెట్టి, తీరుస్తామని ఎవరో మాట ఇవ్వాలి. ఒక్కొక్కరూ మొదలెట్టారు. "కాశమ్మకి పెల్లి సేసేత్తాం, దిగులెట్టుకోకు" అంది మీ అత్త మహాలక్ష్మమ్మ. కాకి రాలేదు. "మీ ఆయన్ని సూసుకుంటాం" అన్నారెవరో. దానికి అసలే రాలేదు. నేను ఇన్ని పుస్తకాలు చదివినవాణ్ణి, ఇదంతా వేడుకలా చూస్తూ నిలబడ్డాను. అందరూ నన్ను అలాగే అనుకున్నారు, నేనూ అలాగే అనుకున్నాను.

కాని నాకొక సంగతి తెలుసు. స్టీల్ ప్లాంటుకి మీ అమ్మ పుట్టిన ఊరు మొత్తం తీసుకున్నారు. భూమి పోయిన ఇంటికో కార్డు, కార్డుకో ఉద్యోగం. మీ మావయ్యకి మగపిల్లలు లేరు. ఉన్న ఒక్క కూతురు దేముడమ్మని కన్నబాబుకిచ్చి, ఆ కార్డు అల్లుడి పేర పెట్టిస్తే బాగుండునని మీ అమ్మ నాతో రెండుసార్లు అంది. తమ్ముణ్ణి మాత్రం ఏనాడూ అడగలేదు. "ఆడికే తెలియాల. నానడిగితే ఆడు కాదనలేడు, అందికే అడగను" అనేది. నేను అడిగించదలుచుకున్నాను. ఆ గుంపులో ఒకరి చెవిలో, "కన్నబాబు ఉద్యోగం మీద బెంగతోనే పోయింది" అన్నాను. అయిదు నిమిషాల్లో ఆ మాట మీ మావయ్య రమణమూర్తి దాకా వెళ్లింది.

వాడు అక్క విస్తరి ముందుకొచ్చి తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు. "అప్పా, నా కార్డు కన్నబాబుకే. మా దేముడమ్మనీ ఆడికే ఇత్తాను. నాను మాటిత్తన్నాను, ముట్టే అప్పా" అన్నాడు.

మాట ఇచ్చాక అందరూ వెనక్కి తిరిగి నిలబడాలి కదా. తిరిగారు. నేను తిరగలేదు.

కాశమ్మా, ఇప్పటిదాకా ఎవరికీ చెప్పనిది ఇదే. అంతకుముందు చుట్ట ముట్టించుకునే నెపంతో గంగాలమ్మ పొయ్యి దగ్గరికి వెళ్లినప్పుడు, గుప్పెడు నెత్తళ్లు తీసి కండువా కొంగులో వేసుకున్నాను. ఆ క్షణంలో ఎందుకు తీశానో తెలియదని రాస్తే అబద్ధం. మాట వచ్చాక కాకి రాకపోతే ఆ మాట నిలవదని నాకు తెలుసు. ఎగరలేని ముసలి కాకి ఒకటి, రెక్క వాలినది, మందలో దాన్ని మిగతావి తిననివ్వడం లేదు. దానికి కనబడేలా నాలుగు నెత్తళ్లు విసిరాను. ఇంకో రెండు విస్తరిలోకి, నీ కాఫీ గ్లాసు పక్కకి. అది గెంతుకుంటూ వచ్చింది. తింటూ తింటూ గ్లాసులో ముక్కు పెట్టింది, గ్లాసు దొర్లిపోయింది.

ఎవరో తిరిగి చూసి "ముట్టింది, ముట్టింది! కాపీ తాగింది నారాయనమ్మ" అని అరిచారు. నువ్వు మోకాళ్లలో తల పెట్టుకుని ఏడ్చావు. విరిగిన పాలు పెట్టావని అమ్మ ముందు కాదందని, తమ్ముడు మాటిచ్చాకే దయ తలిచిందని అనుకున్నావు కాబోలు. కాదమ్మా. నీ పాల తప్పేమీ లేదు. ఆ కాకికి కడుపు కాలి వచ్చింది, నేను పిలిస్తే వచ్చింది.

విస్తరి తీసి నీళ్లలో వదలడానికి రమణమూర్తి వంగాడు. అన్నంలో ఒక నెత్తలి మిగిలి ఉంది. మనం వండి పెట్టిన వాటిలో నెత్తళ్లు లేవు, ఉండవు కూడా. మీ అమ్మకి వాటి వాసన పడదు. పుట్టింట్లో అవి వండిన రోజు అరుగు మీద కూచుని పెరుగన్నం తినేదట. వాడు అక్క పక్కనే పెరిగినవాడు. ఆ నెత్తలిని రెండు వేళ్లతో పట్టుకుని ఒక్కసారి నా వైపు చూశాడు. తర్వాత చొక్కా జేబులో వేసుకుని, విస్తరి తీసుకెళ్లి నీళ్లలో వదిలాడు.

చూశాడని నాకు తెలుసు. అయినా ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని భోజనం చేశాను.

ఆ నెలలోనే మా సూపర్‌వైజరు పిలిచి, కన్నబాబుని పోర్టులో కలాసీగా వేయిస్తానన్నాడు. నేనే వద్దన్నాను. స్టీల్ ప్లాంటు ఉద్యోగం చేతిలో ఉండగా తాళ్లు లాగడం ఏమిటన్నాను. కన్నబాబు వింటాడా వినడా అనే ప్రశ్నే లేదు. "మావ మాటిచ్చేడు నాన్నా. అమ్మ కూడా ముట్టింది. ఇంకేటి?" అన్నాడు. అంత నమ్మకంగా అన్నాడు. మూడేళ్లు అలా కూచున్నాడు. దేముడమ్మకి గాజులు కొనిపెట్టుకుని ట్రంకులో దాచుకున్నాడు. అవి ఇప్పటికీ నా మంచం కింద ఉన్నాయి.

ఎనభైలో దేముడమ్మని గాజువాక సంబంధానికిచ్చి, కార్డు ఆ అల్లుడి పేర పెట్టాడు మీ మావయ్య. నేను వాడి ఇంటికి వెళ్లి వీధిలో నిలబడి కేకలేసిన సంగతి నీకు తెలుసు, దాన్ని నేను గొప్పగా చెప్పుకున్నాను. లోపలికి పిలిచాక జరిగింది చెప్పుకోలేదు. వాడు పెట్టె తెరిచి పాత పొడుంకాయ తీశాడు. అందులో పత్తి మీద ఆ నెత్తలి ఉంది. ఎండి గరికలా అయిపోయింది.

"ఏటిది బావా? మా అప్ప ఇది తింటాదేటి?" అన్నాడు.

వాడే మళ్లీ అందుకున్నాడు.

"ఆ కాకిని మా అప్ప పిలిస్తే నా తల కోసి ఇద్దును. నువ్వు పిలిసేవు. నువ్వే వొచ్చి సెప్తావని మూడేల్లు సూసేను బావా. ప్రెతి పండక్కీ సూసేను."

"సెప్పుంటే?" అన్నాను. ఆ పూట నా భాష కూడా వాడి భాషలోకి దిగిపోయింది.

"ఆ రోజే ఇచ్చీసుందును. తప్పు సేసినోడు సెప్పుకుంటే ఇంకేటి కావాల? కన్నబాబు నాకు పరాయోడా?"

ఆ పొడుంకాయ మూత వేసి మళ్లీ పెట్టెలో పెట్టాడు. నేను ఇంటికొచ్చి కన్నబాబుతో, మీ మావ మోసం చేశాడని చెప్పాను. నీకూ అదే రాశాను. అప్పటికి పోర్టులో ఖాళీ లేదు, ఆ సూపర్‌వైజరూ లేడు. కన్నబాబు ఫిషింగ్ హార్బరుకి పోయి మరపడవ మీద ఇంజను దగ్గర చేరాడు. నాగలి పట్టిన ఇంటివాళ్లం, సముద్రంలో మోకాలి లోతు దాటి ఎరగం. "ఏటవుద్ది నాన్నా, నేర్సుకుంటాను" అన్నాడు. తర్వాతి ఏడు తుపానులో ఆ పడవలో వెళ్లిన ఆరుగురిలో ఒక్కరూ తిరిగి రాలేదు. గంగాలమ్మ కొడుకులు నాలుగు రోజులు ఒడ్డు వెంబడి భీమిలి దాకా వెతికారు.

అన్నయ్యకి విస్తరి ఎందుకు పెట్టలేదని అప్పుడు నువ్వు అడిగావు. శవం దొరకలేదు, పైగా నాకు వాటి మీద నమ్మకం లేదని జవాబు రాశాను. శవం దొరక్కపోయినా పెడతారు. నమ్మకం లేనివాణ్ణని చెప్పుకున్నది కూడా నిజం కాదు. కాకి రాకపోతే వాడి కోరిక ఏమిటని అందరూ నన్నే అడుగుతారు. ఆ కోరిక నాకు తెలుసు.

నీ మూడో ప్రశ్నకి వచ్చాను. గొంతులోంచి ద్రవం తప్ప దిగడం లేదని, అప్ప కాఫీ ఒక గుక్క తాగి పోవాలని ఉందని, అది నీ ఒక్కదానికే వచ్చునని మీ మావయ్య రాయించాడన్నావు. కాశమ్మా, బయల్దేరి రా. పాపని అల్లుడుగారి దగ్గర ఉంచి కిరండోలు పాసింజరు ఎక్కు. స్టేషన్నుంచి ముందు ఇక్కడికి రా, మూకుడూ రోలూ కడిగి పెడతాను. శొంఠి తెచ్చాను. తాటిబెల్లం కూడా మంచిది దొరికింది. ఆసుపత్రికి నువ్వు ఒక్కర్తివే వెళ్లు. వాడు నన్ను రమ్మనలేదు, రమ్మన్నా రాను. బెల్లం గ్లాసులోనే వెయ్యి. మిరియాలు మాత్రం వెయ్యకు, ఆ గొంతుకి మండుతుంది. ఈ ఉత్తరం చదివానని వాడితో చెప్తావో చెప్పవో నీ ఇష్టం. ఇది చదివాక నా ఇంటికి రాకుండా తిన్నగా ఆసుపత్రికే పోదలుచుకుంటే అదీ నీ ఇష్టం. కాఫీ సామానంతా మూటగట్టి దొరబాబు గుమ్మంలో పెట్టి ఉంచుతాను.

ఇంత రాశాక నా మనసు తేలికపడిందని గాని, మీ మావయ్య మీద కోపం పోయిందని గాని అనుకోకు. మాట తప్పాడని ఇక అనను. కాని ఆ రోజు ఆ నెత్తలిని జేబులో వేసుకోకుండా నలుగురికీ ఎత్తి చూపించి, "మా బావ దొంగ" అని అరిచి ఉంటే ఏమయ్యేది? నేను తల దించుకుని ఇంటికొచ్చేవాణ్ణి. మీ అన్న ఆ నెలలోనే కలాసీగా చేరేవాడు. ఇవాళ వాడికి ముప్పై ఏళ్లు ఉండేవి. నా పరువు కాపాడమని నేను అడగలేదు. నేను చేసింది నేను చేశాను, దానికి నాకు పడిన శిక్ష ఈ ఇంట్లో నాతోపాటే ఉంటోంది. కాని అంతా కళ్లారా చూసి, చొక్కా జేబులో వేసుకుని, నోరు మూసుకున్నవాడు ఒకడున్నాడు. ఈనాటికీ నేను తప్పుపట్టేది వాణ్ణే. రమణమూర్తిని.

ఇట్లు,
నీ రాకకి మూకుడు కడిగి పెట్టుకున్న
నాన్న,
నీలకంఠం.